ఓటు లేని మాట: తగడూరు కొలువు నుంచి పార్లమెంటు దాకా

ధర్మపురి నుంచి సేలం పోయే దారిలో అదియమాన్‌కోట్టై ఉన్నది. సంగం కాలంలో తగడూరు నేలిన అదియమాన్ వంశం పేరు ఆ ఊరికి నిలిచిపోయింది. ఆ వంశపు నెడుమాన్ అంజి కొలువులో కవయిత్రి అవ్వైయార్. ఆమె అతని పక్షాన కాంచీపురపు తొండైమాన్ వద్దకు దూతగా వెళ్లినట్లు సంగం సాహిత్య సంప్రదాయం చెబుతున్నది. యుద్ధమా, సంధియా అని నిర్ణయించే అధికారం ఆమెకు లేదు. ఉన్నది మాట ఒక్కటే. నిర్ణయంలో పాలు లేక, సభలో మాట మాత్రమే ఉన్నవారి స్థానం ఎట్టిదో ఇక్కడ పరిశీలిస్తున్నాము.

అవ్వైయార్ మాటకు ఆధారం రాజు ఆదరణ. కట్టుబాట్లున్న సభలో పరిస్థితి వేరు. మొదటి పరాంతక చోళుని కాలపు ఉత్తరమేరూరు శాసనాలు (క్రీ.శ. 919, 921) ఇందుకు నిదర్శనం. 30 వాడల నుంచి చీటీలు తీసి సంవత్సర వారియానికి 12 మందిని, తోట వారియానికి 12 మందిని, చెరువు వారియానికి ఆరుగురిని ఎన్నుకొనే పద్ధతిని ఇవి వివరిస్తాయి. రాజోద్యోగి ఒకరు సభలో కూర్చున్నట్లు రెండు శాసనాలలోనూ ఉన్నది. అయినా కట్టుబాటు వెలువడినది సభవారి పేరుతోనే. రాజాజ్ఞ వెంట ఉన్న ఆ ఉద్యోగిని బలహీనుడని అనలేము. నిర్ణయించే హక్కు, ప్రభావం రెండూ ఒకటి కావని దీనివల్ల తెలుస్తున్నది.

మన రాజ్యాంగం 88వ అధికరణం ఈ స్థానాన్ని స్పష్టంగా నిర్వచించింది. మంత్రులు, అటార్నీ జనరల్ పార్లమెంటు ఉభయ సభలలోను, తమను సభ్యులుగా నియమించిన పార్లమెంటరీ సంఘాలలోను మాట్లాడవచ్చు. అయితే ఆ అధికరణం వల్ల వారికి ఓటు రాదు. 1991 జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసిన పి.వి. నరసింహారావు అప్పటికి ఏ సభలోనూ సభ్యుడు కారు. జూలైలో ఆయన ప్రభుత్వం లోక్‌సభ విశ్వాసం కోరినప్పుడు ప్రధానికి మాట ఉన్నది, ఓటు లేదు. నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచిన తరువాతనే ఆయనకు లోక్‌సభలో ఓటు లభించింది.

తెలుగునాటికి వెలుపల చదివే విద్యార్థులకు దగ్గరి విషయం మరొకటి ఉన్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా వచ్చిన 350బి అధికరణం భాషాల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచింది. ఆయనకు చట్టసభలో ఓటు లేదు. రక్షణల అమలును విచారించి రాష్ట్రపతికి నివేదించడం ఆయన పని. ఆ నివేదికలను ఉభయ సభల ముందుంచాలి, సంబంధిత రాష్ట్ర ప్రభుత్వాలకు పంపాలి. వినవలసినవారు వినకపోతే ఇది అలంకారంగా మిగలవచ్చు. ఆ ప్రమాదాన్ని కాదనలేము. కాని నోటిమాట సభతోనే ముగుస్తుంది, నమోదైన మాట ప్రశ్నగా నిలుస్తుంది. హోసూరులోనో ధర్మపురిలోనో తెలుగు బడికి ఉపాధ్యాయుడు లేకుంటే, ఆ సంగతి ఊరు, తేదీ, పిల్లల సంఖ్యతో కాగితం మీదికి ఎక్కాలి. సంఖ్యాబలం లేనివారికి మొదటి బలం అదేనని మా అభిప్రాయం.