పిల్లవాడికో ప్రణాళిక: సికింద్రాబాద్ నుంచి ఖేడ్ దాకా

వైకల్యమున్న ప్రతి విద్యార్థికీ విడిగా ప్రణాళిక రాయాలని, అందులో తల్లిదండ్రులకూ చోటివ్వాలని అమెరికా 1975లో చట్టం చేసింది. అంతకు ఏడాది ముందే మన కేంద్ర ప్రభుత్వం వికలాంగ బాలల సమీకృత విద్యా పథకం మొదలుపెట్టింది. అయితే అది నడిచింది సంక్షేమ శాఖ కింద. పుస్తకాలకు, యూనిఫాంకు, రాకపోకలకు భత్యం ఇచ్చారు. పిల్లవాడికి ఏం నేర్పాలో మాత్రం ఎవరూ అడగలేదు. 1982లో గానీ అది విద్యాశాఖకు చేరలేదు.

ఆ ప్రశ్న తెలుగు నేల మీద గట్టిగా వినిపించింది 1984లో, సికింద్రాబాద్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వచ్చాక. అక్కడ శిక్షణ పొందిన టీచర్లు ముందు పిల్లవాడికి ఏం వచ్చో చూస్తారు, తర్వాత ఏడాది లక్ష్యం రాస్తారు, దాన్ని మెట్లుగా విడగొడతారు. చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా పాఠమే. పట్టుకోవడం, కాజాలో దూర్చడం, అవతలి నుంచి లాగడం వేర్వేరు మెట్లు. కొన్ని నెలలకోసారి మళ్లీ పరీక్షించి, రానిచోట పద్ధతి మారుస్తారు. తప్పు పిల్లవాడిది కాదు, పద్ధతిదేనని ఒప్పుకోవడం ఇందులో అసలు సంగతి.

ఈ పద్ధతి మండలాలకు దిగింది సర్వశిక్షా అభియాన్‌తో. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు, వాటిలో ఒప్పందం మీద పనిచేసే ఐఈఆర్పీలు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు) వచ్చారు. బడికి రాలేని పిల్లల ఇళ్లకు వాళ్లే వెళ్తారు. తీవ్ర వైకల్యమున్నవారికి ఇంటి దగ్గర చదువును 2012 సవరణ విద్యాహక్కు చట్టంలోకి తెచ్చింది.

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ లాంటి చోట ఈ ఇంటి చదువుకు వేరే చిక్కుంది. తండాల నుంచి కుటుంబాలు చెరకు నరకడానికి నెలల తరబడి వలస పోతాయి. ప్రణాళిక రిజిస్టరులో ఉంటుంది, పిల్లవాడు ఫ్యాక్టరీ దగ్గరి గుడిసెలో ఉంటాడు.

2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యమున్న ప్రతి విద్యార్థి ప్రగతినీ గమనించమంది, అవసరమైతే వ్యక్తిగత తోడ్పాటు ఇవ్వమంది. రాతపూర్వక ప్రణాళికను మాత్రం అమెరికాలోలా తప్పనిసరి హక్కు చేయలేదు. ఇది చిన్న తేడా కాదు. అక్కడ ప్రణాళిక అమలు కాకపోతే తల్లి ఫిర్యాదు చేసి విచారణ కోరవచ్చు.

ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ ప్రత్యేక విద్య పోస్టులు చూపింది. ఏళ్ల తరబడి ఒప్పంద ఉద్యోగులే మోసిన పనికి శాశ్వత కొలువు దొరకడం మంచిదే. కానీ వలస నెలల్లో తండా పిల్లల ప్రణాళికను ఎవరు అందుకోవాలన్నది ఆ పోస్టులతో తేలే విషయం కాదు.