హక్కుల పద్దు: డేటాబేస్ రోల్‌ల చరిత్ర

డేటాబేస్‌లోని సమాచారాన్ని ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్న నిర్ణయాలు ఆ డేటాబేస్‌లోనే పట్టికలుగా నమోదై ఉంటాయి. అప్లికేషన్‌లకు ఇచ్చిన రోల్‌లను, అంటే పేరు పెట్టిన హక్కుల మూటలను, ఎస్‌క్యూఎల్ అనే ప్రశ్న భాషలో ఒక్క ఆదేశంతో జాబితాగా రాబట్టడం నేడు మామూలు పనే అయినా, దాని వెనుక కొన్ని దశాబ్దాల పరిశోధన ఉంది.

సమాచారాన్నంతటినీ పట్టికలుగా భావించే రిలేషనల్ నమూనాను ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించగా, అదే సంస్థకు చెందిన శాన్ హోసే ప్రయోగశాల సిస్టమ్ ఆర్ అనే ప్రయోగాత్మక వ్యవస్థలో దానికి ఆచరణ రూపం ఇచ్చింది. ఆ వ్యవస్థ కోసం ప్యాట్రీషియా గ్రిఫిత్స్, బ్రాడ్‌ఫర్డ్ వేడ్ 1976లో ప్రచురించిన పత్రం హక్కును ఇచ్చే గ్రాంట్, వెనక్కు తీసుకునే రివోక్ అనే ఆదేశాలను వివరించింది. హక్కు పొందినవాడు దానిని మరొకరికి ఇవ్వగలిగినప్పుడు, మొదటివాడి హక్కు రద్దయితే ఆ గొలుసులో ఎవరి హక్కు నిలుస్తుందన్న చిక్కును తేల్చడానికి, ఎవరు ఎవరికి ఏ క్రమంలో హక్కులిచ్చారో ఒక పట్టికలో రాసిపెట్టే పద్ధతిని వారు రూపొందించారు. అందులోని ఒక లోపాన్ని రోనాల్డ్ ఫేగిన్ 1978లో సవరించాడు.

అయితే ప్రతి ఉద్యోగికీ ప్రతి పట్టిక మీదా విడివిడిగా హక్కులివ్వడం పెద్ద సంస్థలకు మోయలేని భారమైంది. హక్కులను మనిషికి కాక అతడు చేసే పనికి కట్టబెట్టి, ఆ హక్కుల మూటకు ఒక పేరు పెట్టి, దానిని మనుషులకు అప్పగించడమే రోల్ అనే భావన. పరిశోధకులు డేవిడ్ ఫెరాయొలో, రిచర్డ్ కూన్ 1992లో దీనికి సైద్ధాంతిక రూపమివ్వగా, అదే సంవత్సరం వెలువడిన ఒరాకిల్ 7 రోల్‌లను వాణిజ్య డేటాబేస్‌లోకి తెచ్చింది; ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో వాటికి 1999లో చోటు దక్కింది.

మనిషికి కాక ప్రోగ్రామ్‌కే హక్కు ఇచ్చే అప్లికేషన్ రోల్ ఇందులో తరువాతి మెట్టు. 1998లో విడుదలైన మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 7.0లో ప్రోగ్రామ్ తన సంకేతపదంతో ఈ రోల్‌ను మేల్కొలిపినప్పుడు, ఆ డేటాబేస్‌లో వినియోగదారుడి సొంత హక్కులు పక్కకు తొలగి రోల్ హక్కులే అమలవుతాయి. ఉద్యోగికి సొంతంగా హక్కులివ్వకపోతే, దీనివల్ల అతడు వేరే సాధనంతో నేరుగా పట్టికల్లోకి చొరబడే దారి మూసుకుపోతుంది. ఒరాకిల్ 9ఐ సంకేతపదానికి బదులు, షరతులను పరీక్షించే ఒక నమ్మకమైన ప్రోగ్రామ్ ద్వారానే రోల్ మేల్కొనే ఏర్పాటు చేసింది.

ఇచ్చిన హక్కులను తిరిగి చూడగలగడం కూడా ఈ చరిత్రలో భాగమే. డేటాబేస్ తన గురించిన వివరాలను కూడా పట్టికలుగానే ఉంచి, మిగతా సమాచారాన్ని అడిగే భాషలోనే అడగనివ్వాలని కాడ్ 1985లో ప్రకటించిన నియమాలలో నాలుగవది నిర్దేశించింది. ఆ స్ఫూర్తితోనే ఒరాకిల్‌లో డీబీఏ రోల్స్ అనే వ్యూను, అంటే పట్టికలా చదవగలిగే దృశ్యాన్ని, పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో పీజీ రోల్స్‌ను సెలెక్ట్ ఆదేశంతో చదవవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 నుండి సిస్ డేటాబేస్ ప్రిన్సిపల్స్ అనే వ్యూలో రకం ‘ఎ’ అని ఉన్న వరుసలను కోరితే అప్లికేషన్ రోల్‌లు మాత్రమే వస్తాయి.

పేర్ల జాబితా మాత్రం సంపూర్ణ చిత్రం కాదు. ఒక రోల్‌ను మరొక రోల్‌కు ఇవ్వవచ్చు కనుక, అసలు హక్కు ఎవరికి చేరిందో తెలియాలంటే ఆ గొలుసును చివరిదాకా వెతకాలి. అందుకు పనికివచ్చే రికర్సివ్ ప్రశ్న, అంటే తన ఫలితాన్నే మళ్లీ ఆధారం చేసుకుని ముందుకు సాగే ప్రశ్న, రోల్‌లతో పాటు 1999 ప్రమాణంలోనే ప్రవేశించింది. హక్కులివ్వడం ఎంత ముఖ్యమో వాటిని క్రమంగా లెక్క చూసుకోవడమూ అంతే ముఖ్యం. పరులకు చెందిన సమాచారాన్ని కాపాడే ప్రతి సంస్థా ఈ జాబితాను తరచుగా చదివి, అవసరం తీరిన హక్కులను రద్దు చేయడం తన కనీస ధర్మంగా భావించాలి.