నల్ల తెర మీద మన అక్షరం

కంప్యూటర్ చరిత్ర అనగానే మన పిల్లల పుస్తకాల్లో పాస్కల్, బాబేజ్ పేర్లు కనిపిస్తాయి. ఏ కీ నొక్కితే ఏ అక్షరం రావాలో, ఆ అక్షరం తెర మీద ఎలా కనపడాలో ఎవరు నిర్ణయించారన్న చరిత్ర మాత్రం ఎక్కడా కనపడదు. ఆదివాసీ ఉపాధ్యాయులుగా మాకు ఆ చరిత్రే ఎక్కువ అవసరం అనిపిస్తుంది. లిపి ఉండి కూడా రాసుకోలేకపోవడం ఎట్లా ఉంటుందో మనకు తెలుసు.

లినక్స్ ఉన్న కంప్యూటర్లలో బొమ్మలూ మౌసూ లేకుండా అక్షరాలు మాత్రమే కనిపించే నల్ల తెర ఒకటి ఉంటుంది. దాన్ని కన్సోల్ అంటారు. అది గళ్ల కాగితం లాంటిది. పాత తెరల్లో అడ్డంగా 80 గళ్లు, నిలువుగా 25 వరుసలు ఉండేవి. ఒక గడిలో ఒకే అక్షర రూపం పడుతుంది. ఆ రూపాలన్నీ ఉన్న పట్టికే ఫాంటు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ పట్టికలో 256 రూపాలకే చోటుంది. తర్వాత వచ్చిన ఈజీఏ, వీజీఏ కార్డులతో 512 దాకా పెట్టుకునే వీలు కలిగింది. అయితే అట్లా పెట్టుకుంటే అక్షరాల రంగులు 16 నుంచి 8కి తగ్గేవి. ఇంగ్లీషుకు పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు చాలు కాబట్టి వాళ్లకు ఈ కొలత ఇరుకు అనిపించలేదు. లినక్స్ కన్సోల్‌లో 512 హద్దు ఈనాటికీ ఉంది.

కీబోర్డు కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన మొదటి లినక్స్‌లో ఫిన్లాండ్ కీబోర్డు అమరిక ఒక్కటే ఉండేది. తన బల్ల మీద ఏది ఉందో దానికే ఆయన రాసుకున్నాడు. అమెరికా వాళ్లకైనా అది సరిపడలేదు, ప్రోగ్రాములోనే మార్పు చేసుకోవలసి వచ్చింది. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు, ఎవరైనా ముందు తమ ఇంటి కోసమే చేసుకుంటారు. తర్వాత అమరికలను విడి ఫైళ్లుగా చేశారు. ఇప్పుడు లోడ్‌కీస్ అనే ఆజ్ఞ కీబోర్డు అమరికను, సెట్‌ఫాంట్ అనే ఆజ్ఞ అక్షర రూపాల పట్టికను మారుస్తాయి. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినా మార్పు నిలవాలంటే సెట్టింగుల ఫైలులో రాయాలి. డెబియన్, ఉబుంటులలో ఫాంటుకు కన్సోల్ సెటప్ ఫైలు, కీలకు కీబోర్డు ఫైలు ఉంటాయి. వెనక బెంచీ పిల్లలకు అక్షరాలు ఆనకపోతే టెర్మినస్ ఫాంటులో 32 చుక్కల ఎత్తున్న రకం పెట్టండి, చాలా తేడా కనిపిస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. అమెరికా అమరిక బదులు బ్రిటన్ అమరిక ఎంచుకుంటే 2 అంకె మీది ఎట్ గుర్తు వేరే కీకి పోతుంది. పాస్‌వర్డులో ఆ గుర్తు ఉంటే లోపలికి రానివ్వదు.

మన దేశంలో ఈ పని 1980లలోనే మొదలైంది. కాన్పూర్ ఐఐటీలో పుట్టి, తర్వాత పుణెలోని సీడాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డును కంప్యూటర్‌లో గుచ్చితే డాస్ తెర మీద తెలుగు, హిందీ కనపడేవి. 1986లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చింది. అందులో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ఇంగ్లీషు కె ఉన్న కీ మీద ఏ భారతీయ లిపిలోనైనా 'క' ఉంటుంది. లిపి మారినా ధ్వని ఉండే చోటు మారదు. తెలుగు డీటీపీలో మాడ్యులర్, ఆపిల్ అమరికలు నేర్చుకున్నవారికి ఇది చేతికి రావడం కష్టమే. అయినా రెండు మూడు భాషల మధ్య పెరిగే మన పిల్లలకు దీనికంటే మంచి అమరిక లేదని మా అభిప్రాయం.

మరి లినక్స్ నల్ల తెర మీద తెలుగు ఎందుకు సరిగా రాదు? 'స్త్రీ' తీసుకోండి. మనకు అది ఒక్క అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం అని ఆరు సంకేతాలు. కన్సోల్ వాటిని కలిపి ఒత్తుగా కట్టలేదు, ఆరు వేరు వేరు గుర్తులుగానే చూస్తుంది.

ఇక్కడ ఒక ఆదివాసీ లిపి సంగతి చెప్పుకోవాలి. పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో సంతాలీ భాషకు రూపొందించిన ఒల్ చికిలో ఒత్తులు లేవు, గుణింతాలు లేవు. ప్రతి ధ్వనికీ విడి అక్షరం ఉంటుంది. 2008లో యూనికోడ్‌లో చేరినప్పుడు అంకెలు, గుర్తులతో కలిపి దానికి 48 సంకేతాలే సరిపోయాయి. కన్సోల్ ఫాంటుగా గీస్తే 512 గళ్లలో హాయిగా ఇముడుతుంది. రాజభాషల లిపులకు దొరకని వీలు సంతాల్ లిపికి ఉంది!

గోండీకి ఆ వీలు లేదు. బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగల్ సింగ్ మసారామ్ 1918లో చేసిన లిపి 2017లో యూనికోడ్‌లో చేరింది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో మన పెద్దలు దాచుకున్న రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. ఆ గుంజాల లిపి 2018లో చేరింది. కానీ దాని సంకేతాలు 73,056 దగ్గర మొదలవుతాయి. లినక్స్ కన్సోల్ 65,535 దాటిన సంకేతాన్ని ఫాంటులో వెతకనే వెతకదు. తెలుగు 'క' సంకేతం 3,093. ముందు వచ్చినవారికి ఊరి నడుమ ఇళ్లు, ఆలస్యంగా వచ్చినవారికి ఊరి చివర జాగా అన్నట్టుంది.

అందుకని గోండీని బొమ్మల తెర మీదే రాయాలి. అక్కడ నోటో గుంజాల గోండీ ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. ఫాంటుతో చదవగలుగుతాం, రాయాలంటే మాత్రం కీబోర్డు అమరిక కావాలి. గోండీ ఎనిమిదో షెడ్యూల్లో లేదు, సంతాలీ మాత్రం 2003లో చేరింది. షెడ్యూల్లో లేని భాషకు ఎవరో వచ్చి అన్నీ అమర్చిపెడతారని ఎదురుచూడటం దండగ. లినక్స్‌లో అమరిక అంటే మామూలు రాత ఫైలే, ఒక్కో వరుసలో ఒక్కో కీ. ఇన్‌స్క్రిప్ట్ వరుసలోనే గుంజాల అక్షరాలు పెడితే తెలుగు నేర్చిన పిల్లవాడు రెండోసారి వేళ్లకు పాఠం చెప్పనక్కరలేదు. ఏ అక్షరం ఎక్కడ ఉండాలో ఆ లిపి చదవగలిగిన గుంజాల పెద్దలతో కూర్చుని తేల్చాలి. ఆ ఫైలు రాయడానికి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చాలు. కాబట్టి ఆ పనికి నల్ల తెర కూడా సరిపోతుంది.