పిల్లి నోటిదాకా వచ్చిన బ్రష్షు

ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీల్లో జతలను పళ్ళ లెక్కన కూడా విడదీస్తారు: రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి. పాలపళ్ళు ఊడిపోయి కొత్తవి జతలుగా వస్తాయి కాబట్టి నోరు తెరిచి చూస్తే పశువు వయసు తెలుస్తుంది, వయసు తెలిస్తే ధర తెలుస్తుంది. గుర్రం సంగతీ అంతే. మనిషి తరతరాలుగా జంతువుల నోళ్ళలోకి చూస్తూనే ఉన్నాడు గానీ, అది బేరగాడి చూపు. 1762లో క్లోడ్ బూర్జెలా ఫ్రాన్స్‌లోని లియోన్‌లో తొలి పశువైద్య పాఠశాల తెరిచినప్పుడు కూడా దృష్టంతా గుర్రాల మీద, పాడిపశువుల మీదే. ఎలుకలు పట్టడం తప్ప వేరే పని లేని, సంతలో రూపాయి పలకని పిల్లి నోరు తెరవాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. అందుకే ఇంట్లో పిల్లికి పళ్ళు తోమాలన్న సలహా పశువైద్యుల నోట గట్టిగా వినిపించడం ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లోగానీ మొదలవలేదు.

ఇంత ఆలస్యంగా పుట్టిన అలవాటును చూసి చాలామందికి వచ్చే అనుమానం సహజమైనదే. మనిషి చెంత వేల ఏళ్ళు బతికిన జంతువుకు ఇప్పుడే బ్రష్షు కావలసి వచ్చిందంటే, అది డబ్బున్నవాళ్ళ మురిపెమో, కంపెనీల కల్పనో అయి ఉండాలని వాదిస్తారు. ఈ అలవాటు పుట్టుపూర్వోత్తరాలు చూస్తే తేలేది వేరు. జబ్బు పాతది, దాన్ని చూసే చూపే కొత్తది. 1936లోనే ఇంగ్లాండ్ దంతవైద్యుడు ఫ్రాంక్ కాలియర్ జంతువుల దంతాల్లో వచ్చే తేడాల మీద, జబ్బుల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దంత మ్యూజియంలో పోగుపడిన పుర్రెలు ఆయనకు ముఖ్య ఆధారం. జంతువుల పళ్ళకు జబ్బులుంటాయన్న సంగతి అలా అప్పటికే అచ్చులోకి ఎక్కింది. లోపించింది రెండే: ఆ జబ్బు ఎందుకు వస్తుందన్న రుజువు, పిల్లిని రోగిగా చూసే మనసు.

రుజువు మనుషుల వైపు నుంచి వచ్చింది. పళ్ళు తోముకోవడం మనకు కొత్త కాదు. వేప, కానుగ, ఉత్తరేణి పుల్లలు ఆయుర్వేదమంత పాతవి. కుచ్చు బ్రష్షు చైనాలో పుట్టింది, 1780 ప్రాంతంలో ఇంగ్లాండ్‌లో విలియం ఆడిస్ దాన్ని సరుకుగా తయారుచేసి అమ్మాడు, 1938లో పంది వెంట్రుకల స్థానంలో నైలాన్ వచ్చింది. ఇంత చరిత్ర ఉన్నా, పంటి మీది పాచే చిగుళ్ళ జబ్బుకు మూలమని మనిషి మీద ప్రయోగం చేసి నిరూపించింది 1965లోనే. డెన్మార్క్‌లోని ఆర్హూస్‌లో హరాల్డ్ లో బృందం 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్ళు తోముకోవడం మాన్పించింది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టగానే వాపు తగ్గింది. మరి వాపును అలాగే ఏళ్ళ తరబడి వదిలేస్తే ఏమవుతుంది? ఆ ప్రయోగం మనిషి మీద చేయకూడదు. అందుకని 1970లలో యాన్ లిండే, హాంప్, హరాల్డ్ లో కలిసి బీగిల్ కుక్కలను నాలుగేళ్ళు పరిశీలించారు. రోజూ పళ్ళు తోమిన కుక్కల చిగుళ్ళు ఆరోగ్యంగా నిలిచాయి. తోమనివాటికి చిగుళ్ళు వాచి, వాటిలో చాలావాటికి పంటిని పట్టి ఉంచే ఎముక కూడా కరిగింది. ఆ కుక్కల పళ్ళు తోమింది కుక్కల మేలు కోసం కాదు, మనిషి చిగుళ్ళ గుట్టు తెలుసుకోవడానికి. ఆ ఫలితమే తర్వాత పశువైద్యుల చేతికి ఆధారమై అందింది.

మనసు మారడానికి పిల్లి ఇంట్లోకి రావడం కారణం. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లోవ్ నీటిని పీల్చే బంకమట్టి గుళికలను పిల్లి మలమూత్రాల పెట్టెలో వాడుకోవచ్చని అమ్మడం మొదలుపెట్టాక, ఆరుబయట తిరిగే పిల్లి ఇరవైనాలుగ్గంటలూ గదిలో ఉండే పిల్లి అయింది. టీకాలు వచ్చాయి, బండ్ల కింద పడే ముప్పు తగ్గింది, ఆయుష్షు పెరిగింది. ఏళ్ళతోపాటు ముదిరే చిగుళ్ళ జబ్బు బయటపడేంత కాలం పిల్లి బతకసాగింది. పక్క మీద పడుకునే పిల్లి నోటి వాసన యజమాని ముక్కుకు తగిలింది. 1988లో అమెరికాలో పశు దంతవైద్య నిపుణుల కాలేజీ ఏర్పడింది. తోమడానికి మనిషి పేస్టు మాత్రం పిల్లికి పనికిరాదు. అందులో నురగ వచ్చే రసాయనాలు, ఫ్లోరైడ్ ఉంటాయి. పుక్కిలించి ఉమ్మడం పిల్లికి రాదు, పెట్టిందంతా మింగుతుంది. పిల్లల పేస్టుకు పెట్టే తీపి ఆశ కూడా దానిదగ్గర చెల్లదు. తీపిని గుర్తించే గ్రాహకానికి కావలసిన జన్యువు పిల్లి జాతిలో పాడైపోయిందని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. పిల్లి పేస్టులు కోడి, చేప రుచుల్లో రావడం వింత కాదు, పిల్లి నాలుకకు నచ్చేవి అవే కాబట్టి.

పిల్లి పళ్ళు తోమడం మీద అభ్యంతరాలు మూడు. అడవిలో తిరిగే పిల్లులకు ఎవరు తోముతున్నారన్నది మొదటిది. దీనికి దక్షిణాఫ్రికా అధీనంలోని మారియన్ దీవి జవాబు చెబుతుంది. ఎలుకల బెడద కోసం 1949లో అక్కడికి తెచ్చిన ఐదు పిల్లుల సంతతి దీవి అంతా పెరిగి, సముద్రపక్షులను తిని బతికింది. చివరికి వాటిని నిర్మూలించాల్సి వచ్చింది. అలా మిగిలిన 301 పుర్రెలను పరిశీలించిన ఫలితాలు 1996లో అచ్చయ్యాయి. డబ్బా మేత ముఖమే చూడని ఆ పిల్లుల్లో సగానికి పైగా చిగుళ్ళ జబ్బు ఆనవాళ్ళు కనిపించాయి. 1998లో ఆస్ట్రేలియాలో ఇంటి పిల్లులను, అడవి పాలైన పిల్లులను పోల్చినప్పుడు వేటాడి తినేవాటికి గార, అంటే గట్టిపడిన పాచి, తక్కువగా ఉంది గానీ, చిగుళ్ళ జబ్బులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రకృతి పళ్ళను కాపాడుతుందనేది మన ఊహ. నొప్పిని దాచుకోవడం మాత్రం పిల్లికి ప్రకృతి నేర్పింది. అందుకే తింటున్న పిల్లిని చూసి పళ్ళు బాగున్నాయనుకుంటాం. గట్టి గుళికల మేత నమిలితే పళ్ళు అవే శుభ్రపడతాయన్న మాట కూడా పూర్తిగా నిలవదు. మామూలు గుళిక పంటి కొన తగలగానే పగిలిపోతుంది, పాచి పేరుకునే చిగురు అంచుదాకా పోదు. పళ్ళ కోసమే తయారుచేసిన పెద్ద గుళికల సంగతి వేరు.

ఇదంతా వ్యాపారమన్నది రెండో అభ్యంతరం. వ్యాపారం ఉన్న మాట నిజం. కానీ బ్రష్షుకు ఆధారమైన ప్రయోగాలు పిల్లుల సరుకుల అంగడి ఇంత పెరగకముందే, దానితో సంబంధం లేని, మనుషులకు వైద్యం చేసే దంతవైద్యులు చేసినవి. పైగా నమిలే ముక్కలు, నీళ్ళలో కలిపే ద్రవాలు నెలనెలా కొనాలి. బ్రష్షు ఒకసారి కొంటే నెలల పాటు వస్తుంది. లాభమే లెక్కయితే కంపెనీకి అన్నిటికంటే గిట్టుబాటు కాని సలహా ఇదే. అంగట్లోని సరుకు పాచిని, గారను నిజంగా తగ్గిస్తుందో లేదో పరీక్ష ఫలితాలు చూసి ముద్ర వేసే వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ 1997లో ఏర్పడింది. అనుమానించేవాళ్ళు ఆ ముద్ర ఉందో లేదో చూసుకోవచ్చు.

పిల్లిని ఇబ్బందిపెట్టడం న్యాయమా అన్నది మూడోది, అన్నిటిలో బరువైనది. తోమడమంటే నోరు బలవంతంగా తెరవడం కాదు. పెదవి కాస్త పైకెత్తి, పళ్ళ బయటివైపు, ముఖ్యంగా పైదవడలో కత్తెరలా మాంసం కోసే పెద్దపళ్ళ దగ్గర, చిగురు అంచు వెంట చిన్న మెత్తని బ్రష్షు కదిపితే చాలు. లోపలివైపు గరుకు నాలుక చాలా పని చేసుకుంటుంది. ముందు పేస్టు రుచి, తర్వాత వేలి స్పర్శ, చివరికి బ్రష్షు, ఇలా కొన్ని వారాలు తీసుకుంటే చాలా పిల్లులు ఒప్పుకుంటాయి. ఒప్పుకోని పిల్లితో కుస్తీ పట్టే బదులు ముద్ర ఉన్న మేతకు మళ్ళడం మేలు. రోజూ ఎందుకంటే, పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. గారను బ్రష్షు కదిలించలేదు. కుక్కల మీద చేసిన 2015 నాటి పరీక్షలోనూ వారానికోసారి తోమడం కంటే రోజూ తోమడమే స్పష్టంగా మెరుగని తేలింది.

బ్రష్షుకు హద్దులూ ఉన్నాయి. పిల్లుల్లో తరచుగా కనిపించే దంత క్షయీకరణలో, అంటే పన్ను తనంతట తాను కరిగిపోయే జబ్బులో, అసలు కారణం ఇంకా తేలలేదు. తోమితే అది ఆగుతుందన్న రుజువూ లేదు. నోరంతా పుండయ్యే తీవ్ర వాపు ఉన్న పిల్లికి బ్రష్షు పెడితే అది హింసే. చిగురు కింద చేరిన గారను మత్తు ఇచ్చి వైద్యుడే తీయాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో పెరుగుతున్న పెర్షియన్ పిల్లులకు పొట్టి దవడల్లో పళ్ళు ఇరుక్కుని ఉంటాయి కాబట్టి జాగ్రత్త మరింత కావాలి. ఈ అలవాటు చరిత్రలో నోటిని పరీక్షించడం ముందు, బ్రష్షు తర్వాత వచ్చాయి. పెంచుకునేవాళ్ళు పాటించాల్సిన వరుస కూడా అదే: ముందు వైద్యుడికి నోరు చూపించి, ఉన్న జబ్బుకు మందు వేయించి, బాగున్న పళ్ళను బాగా ఉంచడానికే బ్రష్షు పట్టాలి.