బండిచక్రము – దాని వెడల్పు

కోనసీమ పుంతలలో వానకాలమున బండి ఇరుసువరకు దిగబడుట పెద్దలెరుగనిది కాదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలలో పడవలు నడిచెను. అయినను కళ్ళమునుండి రేవువరకు ధాన్యము చేర్చినది బండియే. చక్రమునకు బిగించిన ఇనుపపట్టా సన్ననిదగుటచే బరువంతయు నా గీతపైబడి, తడిసిన ఒండ్రుమట్టిని కత్తివలె కోసెడిది. బాటయు చెడెను, ఎద్దుల మెడలును కాయలు గాచెను.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. ఇంగ్లండులో సుంకపుబాటలపై నడచు పెద్దబండ్ల చక్రములు తొమ్మిదంగుళముల వెడల్పుండవలెనని 1753లో చట్టము చేసిరి. బండివారు వెడల్పు చక్రమునే వేసి, నడిమి పట్టాను మాత్రము ఉబ్బెత్తుగా బిగించి, నేలకు తగులునది సన్నముగనే యుంచుకొనిరి. గుర్రమునకు శ్రమ తగ్గనిదే చట్టమేమి చేయగలదు?

ఆ శ్రమను తగ్గించినది గాలి. 1845లో టామ్సన్ తలపెట్టిన గాలిచక్రమును 1888లో డన్లప్ వాడుకలోనికి తెచ్చెను. 1930 తరువాత మనదేశమున ఎడ్లబండ్లకును అవి వచ్చెను. మెత్తని టైరు నేలపై పరచుకొని బరువును పంచును. అదే జత ఎద్దులు హెచ్చు బరువు లాగును.

1960 తరువాత పందెపుకార్లకు మరింత వెడల్పు టైర్లు వేసిరి. అది మలుపులలో పట్టు కొరకు. అయితే చక్రము బయటికి జరిగినకొలది ఇరుసుపై ఒత్తిడి హెచ్చును. నీరు నిలిచిన బాటపై నా వెడల్పు టైరే తేలి జారును.