పావుగంట పందెం, రెండు గంటల మైకు

స్పీడ్‌వే అనే బైకు పందెం లెక్క చాలా చిన్నది. నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు, ఒక నిమిషం. లీగ్ మ్యాచ్‌లో అలాంటి హీట్లు పదిహేను. అన్నీ కలిపినా బైకులు నిజంగా పరుగెత్తేది పావుగంట. జనం మాత్రం ఏడున్నరకి వచ్చి తొమ్మిదిన్నర దాకా ఉంటారు. మిగిలిన గంటా ముప్పావు ఎవరిది? మా ఊళ్లో తొంభై ఏళ్లకి పైగా అది మైకు పట్టుకున్నవాడిదే.

మా ఊరంటే గోర్టన్. మాంచెస్టర్ నడిబొడ్డు నుంచి హైడ్ రోడ్డు పట్టుకుని తూర్పుకి వస్తే తగులుతుంది. ఇక్కడి బెల్ వ్యూ స్టేడియం గురించి చెప్పాలంటే మోటారు సైకిల్ పుట్టకముందు నుంచి మొదలుపెట్టాలి. 1836లో జాన్ జెన్నిసన్ అనే తోటమాలి ఇక్కడ ఒక తోట, అందులో జంతువుల బోన్లు పెట్టి టికెట్టు మీద జనాన్ని రానిచ్చాడు. మిల్లుల్లో చేసేవాళ్లకి తీరిక దొరికేదే తక్కువ. ఒకసారి చూసిన సింహాన్ని చూడ్డానికి మళ్లీ డబ్బులిచ్చి ఎవరొస్తారు? అందుకని 1852లో బాణసంచా యుద్ధాలు మొదలయ్యాయి. విశాలమైన తెర మీద నగరం బొమ్మ, దాని ముందు సిపాయిల వేషాల్లో మనుషులు, పైన నిప్పురవ్వలు. మొదటి ఏడు అల్జీర్స్ నగరం మీద ఫిరంగి దాడి చూపించారు.

1872లో ఎడింబరో నుంచి మహారాజా అనే ఆసియా ఏనుగుని 680 పౌండ్లకు కొన్నారు. రైల్లో ఎక్కిస్తే పెట్టె పగలగొట్టిందట. సరేనని మావటి లోరెంజో లారెన్స్ దాన్ని పది రోజులు నడిపించుకుంటూ తీసుకొచ్చాడు. దారిపొడుగునా జనం గుమిగూడారు, పత్రికలు రాశాయి. ఏనుగు టోల్ గేటు ఊడబీకిన కథ మీద హేవుడ్ హార్డీ 1875లో ఏకంగా పెయింటింగే వేశాడు. గేటు సంగతి నిజమో కాదో గాని, రైలు కన్నా నడకే యజమానికి గిట్టుబాటని జెన్నిసన్ కుటుంబానికి ముందే తెలుసని నా అనుమానం. ఆ ఏనుగు అస్థిపంజరం ఇప్పటికీ మాంచెస్టర్ మ్యూజియంలో ఉంది. మన పిల్లల్ని తీసుకెళ్తే ముందు దాని దగ్గరికే పరుగెడతారు.

ఇలాంటి చోటికి స్పీడ్‌వే వచ్చింది. 1926 జులైలో ఇక్కడి కిర్క్‌మన్‌షుల్మ్ లేన్‌లో కుక్కల పందేలు మొదలయ్యాయి. గుండ్రటి ట్రాక్ మీద మర కుందేలు వెనక కుక్కల్ని పరుగెత్తించడం బ్రిటన్‌లో అదే తొలిసారి. 1928లో అదే ట్రాక్ మీద మోటారు సైకిళ్లు దింపారు. మరుసటి ఏడు హైడ్ రోడ్డు పక్కన స్పీడ్‌వే కోసమే స్టేడియం సిద్ధమైంది. అదే 1929లో పక్కనే బాబ్స్ అనే చెక్క రోలర్ కోస్టర్ లేచింది. అదే ఏడు బెల్ వ్యూలోని కింగ్స్ హాల్ సర్కస్‌కి జార్జ్ లాక్‌హార్ట్ రింగ్ మాస్టర్‌గా వచ్చి, నలభై ఏళ్లకి పైగా అక్కడే ఉన్నాడు. ఒక పక్క సర్కస్, ఒక పక్క కోస్టర్ మీంచి కేకలు. ఇక్కడ మైకులో మెల్లగా మాట్లాడితే వినేదెవరు?

తొలి రోజుల్లో ఈ ఆటకి అమ్ముడుపోయే సరుకు పేర్లే. లాయిడ్ ఎల్డర్ అంటే ఎవరికీ పట్టదు, స్ప్రౌట్స్ ఎల్డర్ అంటే టికెట్టు తెగేది. ఆస్ట్రేలియా బిల్లీ లామాంట్ సైక్లోన్ లామాంట్ అయ్యాడు. మా బెల్ వ్యూ ఫ్రాంక్ వేరీ అర్జెంటీనాలో పందేలాడి, ఎర్ర జెర్సీ పుణ్యమా అని ఎర్ర దెయ్యం అనే బిరుదుతో తిరిగొచ్చాడు. అనౌన్సరు చేతికి బంగారం దొరికినట్టే. హెల్మెట్టు పెట్టుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుని, ఒళ్లంతా ట్రాక్ మీది రాతిపొడి పూసుకున్న మనిషికి పేరు తప్ప జనానికి కనిపించే ముఖమేది?

అనౌన్సరు అసలు పని తెలియాలంటే ఒక హీట్ దగ్గరుండి చూడాలి. గంట మోగుతుంది: రెండు నిమిషాల్లో గేటు దగ్గరికి రాని రైడర్ పోయినట్టే. ఈలోగా మైకులో నాలుగు పేర్లు, నాలుగు హెల్మెట్ రంగులు వినిపిస్తాయి. సొంత జట్టువాళ్లకి ఎరుపు, నీలం. వచ్చిన జట్టుకి తెలుపు, పసుపు. ఆకుపచ్చ దీపం వెలుగుతుంది, గేటుకి అడ్డంగా ఉన్న టేపులు పైకెగురుతాయి. పాత పద్ధతి అనౌన్సరు అక్కడితో నోరు మూసుకుంటాడు. బ్రేకుల్లేని నాలుగు 500 సీసీ ఇంజన్లు మలుపులో వెనక చక్రం జార్చుకుంటూ పోతుంటే ఎవడి గొంతూ పైకి తేలదు. కంచె దగ్గర నిలబడ్డవాళ్ల మీద ఎర్ర పొడి వాన కురుస్తుంది. వెనకే మిథనాల్ ఘాటు, మండిన ఆముదం వాసన. పాత రోజుల్లో ఈ ఇంజన్లకి పోసింది ఆముదంతో చేసిన నూనే. మా పాలమూరు, నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్లకి ఆ వాసన పరిచయం చెయ్యనక్కర్లేదు.

పందెం అయ్యాకే అతనికి పని. ఎవరు ముందో అందరూ చూస్తారు; మూడో స్థానం కోసం గీత దగ్గర ఒరుసుకున్న ఇద్దరిలో ఎవరు గెలిచారో అవతలి మలుపులో ఉన్నవాళ్లకి తెలీదు. అప్పుడు వేల చేతుల్లో ప్రోగ్రామ్ పుస్తకాలు తెరుచుకుంటాయి, పెన్నులు సిద్ధమవుతాయి. మొదటికి మూడు పాయింట్లు, రెండోదానికి రెండు, మూడోదానికి ఒకటి, చివరివాడికి సున్నా. పేరు, రంగు, టైము, జట్ల మొత్తం స్కోరు, అన్నీ అదే వరసలో రావాలి, రాసుకోవడానికి వీలైన వేగంతో రావాలి. మనవైపు బండలాగుడు పోటీల్లో మైకు దగ్గర కూర్చుని ఎడ్ల యజమాని పేరు, ఊరు, లాగిన అడుగులు, గడిచిన నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషిని విన్నవాళ్లకి ఇది కొత్త విద్యేమీ కాదు.

రెఫరీ ఎవరినైనా తీసేస్తే ఆ మాట చెప్పాల్సిందీ ఇతనే. చెవులు చిల్లులు పడేలా అరుపులు పడేదీ ఇతని మీదే. నేర్పున్నవాడు ‘రెఫరీ నిర్ణయం ప్రకారం’ అన్న ముక్క మీద ఒత్తి పలుకుతాడు, తనకేం సంబంధం లేదన్నట్టు. మనసులో మాట అందరికీ తెలిసిపోతుంది. నియమం ఒక్కటీ తప్పదు.

యుద్ధకాలంలో దేశంలో మిగతా ట్రాకులు మూతపడ్డా బెల్ వ్యూలో 1939 నుంచి 1945 దాకా పందేలు సాగాయి. సైన్యంలో సెలవు దొరికిన రైడర్లు వచ్చి ఆడిపోయేవాళ్లు.

1953లో ఇక్కడికి మేనేజరుగా జానీ హాస్కిన్స్ వచ్చాడు. న్యూజిలాండ్‌లో పుట్టి, ఆస్ట్రేలియాలో వెస్ట్ మెయిట్‌లాండ్ వ్యవసాయ ప్రదర్శన సంఘానికి కార్యదర్శిగా ఉన్న మనిషి. 1923 డిసెంబరు 15న అక్కడి మైదానంలో కరెంటు దీపాల కింద మోటారు సైకిల్ పందేలు పెట్టాడు. స్పీడ్‌వే పుట్టింది ఆ రాత్రే అంటారు. అంతకుముందే ఇలాంటి పందేలు జరిగాయని చరిత్రకారులు తగువు పడుతూనే ఉన్నారు. కనిపెట్టినవాడన్న పేరులో సగం ఆయన నోటి చలవేనని నాకనిపిస్తుంది. మాటకారితనానికి తోడు ఆయనకి ఇంకో ఆయుధం, నెత్తి మీద టోపీ. రైడర్లు లాక్కోవడం, మిథనాల్ పోసి ట్రాక్ మీదే అంటించడం, ఆయన లబోదిబోమనడం. వచ్చే మ్యాచ్‌కి ఇంకో టోపీ. కాల్చబోతున్నారని అందరికీ తెలుసు, అయినా ఎదురుచూసేవాళ్లు. ట్రాక్టరు ట్రాక్ చదును చేసేలోగా జనం లేచి పోకుండా ఉండడానికి ఇంతకన్నా చవకైన ఖర్చు ఏముంది? 1979లో ఆయనకి ఎంబీఈ బిరుదిచ్చారు.

ఈ హాస్కిన్స్ కాలంలోనే, 1955లో, మా బెల్ వ్యూ రైడర్ పీటర్ క్రేవెన్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1962లో మళ్లీ గెలిచాడు. మరుసటి సెప్టెంబరులో ఎడింబరోలో ముందు పడిపోయిన రైడర్‌ని తప్పించబోయి కంచెకి గుద్దుకుని, నాలుగు రోజులకి కన్నుమూశాడు. ట్రాక్ మీదికి అంబులెన్సు వచ్చినప్పుడు అనౌన్సరు ఏం మాట్లాడడన్నదీ అతని పనితనమే. డాక్టరు చెప్పేదాకా ఊహలు చెప్పకూడదు, జోకులు వెయ్యకూడదు, అలాగని పూర్తిగా గొంతు ఆపితే జనం కంగారుపడతారు. టోపీ కాల్చే ఆటలు ఇక్కడ పనికిరావు.

1977లో జంతుప్రదర్శనశాల మూసేశారు. 1987లో హైడ్ రోడ్డు స్టేడియం పోయింది, ఆ జాగా పాత కార్ల వేలంపాటలకి వెళ్లింది. బెల్ వ్యూ ఏసెస్ జట్టు కుక్కల ట్రాక్‌కి మారి, 2016లో ఆ పక్కనే కట్టిన నేషనల్ స్పీడ్‌వే స్టేడియానికి చేరింది. ఆ ఏడు మార్చి 19న క్రేవెన్ పేరు మీద పెట్టిన ప్రారంభ పోటీ, ట్రాక్ సురక్షితంగా లేదని జరగనే లేదు. నిండిన స్టాండ్లకి ‘ఈ రాత్రి పందెం లేదు’ అని మైకులో చెప్పడం కన్నా కష్టమైన వాక్యం ఈ ఉద్యోగంలో ఇంకోటి ఉండదు.

ఇప్పుడు 347 మీటర్ల ట్రాక్, పెద్ద తెర, టేపు లేచేదాకా చెవులదిరే పాటలు. ప్రపంచ పోటీలప్పుడు ఆ హంగు నప్పుతుంది. సోమవారం లీగ్ మ్యాచ్‌కి మాత్రం పాట తగ్గించి మనిషి గొంతు పెంచితే బాగుంటుందని నా ఫిర్యాదు. పుట్టినరోజు శుభాకాంక్షలు, లాటరీ నంబర్లు, దారికి అడ్డంగా ఆపిన కారు నంబరు, వీటి మధ్యలో ఏడో హీట్ ఫలితం వచ్చి వెళ్లిపోతుంది. పాట హోరులో సగంమందికి టైము అందదు, పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూడాలి. మీలో ఎవరైనా వెళ్తే ముందే ప్రోగ్రామ్ కొనుక్కోండి, పెన్ను పట్టుకెళ్లండి, పాత చొక్కా వేసుకోండి. పక్కవాడు అడగకపోయినా మూడో స్థానం ఎవరిదో చెప్తాడు.