మనోవ్యాధియు బంధుదర్శనమును



సంఘచరిత్ర మనగా వంశావళులును, బిరుదములును, దేవాలయ సత్రముల నిర్మాణములును వ్రాయుట వాడుక. ఇట్టి సంచికలలో మేమును అట్టివి వ్రాసియున్నారము. ఈ యేడు మాత్రము, పరదేశమునందలి యొక చిన్న సమాజము తన యాడుబిడ్డ మరణమునకు సిగ్గుపడి చేసిన యొక సత్కార్యమును విన్నవింప దలచితిమి. అది మనకేల యని తోచినవారు దయతో కడవఱకు చదివి విచారింతురు గాక.

ఇంగ్లండు దేశమున 17వ శతాబ్ది మధ్యమున జార్జి ఫాక్సు బోధలవలన మిత్రసమాజ మను మతశాఖ పుట్టెను. లోకులు వీరిని క్వేకరు లందురు. న్యాయస్థానములలో ప్రమాణము చేయ నొల్లకయు, చర్చికి దశమభాగపు పన్ను చెల్లింప నొల్లకయు వీరు చెఱసాలల పాలైరి. అల్పసంఖ్యాకు లగుటచే నొకరి నొకరు కాచుకొనుట వీరి కలవాటయ్యెను. వివాహములు తమలో తామే చేసికొనుచుండిరి. వెలివారిని పెండ్లాడినవారిని 19వ శతాబ్ది మధ్యమువఱకు సమాజమునుండి తొలగించుచుండిరి. నెలనెలా సభ గూడి బీదల పోషణమును గూర్చి యాలోచించుచుండిరి. ఈ వర్ణనము చదువునపుడు మనవారికి మన సంఘమే జ్ఞప్తికి రాగలదు.

1790వ సంవత్సరము మార్చి నెలలో లీడ్సు పట్టణపు హన్నా మిల్సు అను క్వేకరు వితంతువు విషాదరోగముచే పీడితయై యార్కు నగరపు ఉన్మత్తశాలలో చేర్పబడెను. బంధువులు దూరమున నుండుటచే, ఆ నగరమందలి తమవారిని పోయి చూచి రమ్మని కోరిరి. వారు పోయిరి. రోగి యన్యులు చూడదగిన స్థితిలో లేదని చెప్పి, అచ్చటివారు చూడనీయక త్రిప్పిపంపిరి. ఏప్రిలు నెల ముగియకముందే ఆమె మరణించెను. తనవా రొక్కరైనను ఆమె ముఖమును చూడజాలరైరి.

ఈ వార్త సమాజమును కలచివైచెను. విలియం ట్యూకు అను తేయాకు, కాఫీల వర్తకుడు, అప్పటికే యఱువదేండ్లకు చేరువైనవాడు, 1792లో యార్కు సభయందు లేచి మనవారికై మనమే యొక గృహమును కట్టుకొందమని ప్రతిపాదించెను. అందఱును వెంటనే యొప్పుకొనలేదు. మనలో నట్టి రోగు లెందఱున్నారు, ఇంత వ్యయ మేల యని యాక్షేపించినవారు కలరు. ట్యూకు విడువక చందాలు కూర్చెను. 1796లో, నగరమునకు వెలుపల మిట్టపై, ముప్పదిమందికి సరిపడు గృహము తెఱవబడెను. దానికి ఉన్మత్తశాల యను పేరు పెట్టక, ఆశ్రయస్థాన మను నర్థము వచ్చునట్లు రిట్రీట్ అని పేరిడిరి. ఆ పేరును సూచించినది ట్యూకు కోడలు.

అచ్చట జరిగిన చికిత్స యెట్టిది? గొలుసులు లేవు. కిటికీల యినుపచట్రములు చెఱసాలను తలపింపకుండునట్లు కొయ్యవలె కనబడజేసిరి. రోగులు తోటపని, కుట్టుపని చేయుచుండిరి. ప్రాంగణములలో కుందేళ్లను, కోళ్లను పెంచిరి. గృహాధికారిణి యప్పుడప్పుడు రోగులను టీ విందునకు పిలుచుచుండెను; వారు మంచి దుస్తులు ధరించి వచ్చి మర్యాదగా కూర్చుండుచుండిరి. ముప్పదినాలుగేండ్ల మహాకాయు డొకడు సంకెళ్లతో తేబడెను; సంకెళ్లు తీయకయే బట్టలు మార్చుటకై యాతని దుస్తులకు త్రాళ్లు కుట్టియుండిరట. గృహములో నడుగిడగనే సంకెళ్లు తీసివేసి, అధికారులు భోజనము చేయుచున్న గదికి తోడ్కొనిపోయి తమ సరసను కూర్చుండబెట్టిరి. నాలుగు నెలలకు స్వస్థుడై యింటికి పోయెను. ఈ వృత్తాంతమును ట్యూకు మనుమడు సామ్యూలు 1813లో ప్రకటించిన గ్రంథమున వ్రాసినాడు. అందఱును కుదుటబడిరని గాని, నిర్బంధము బొత్తిగా మానిరని గాని మేము చెప్పము. అత్యవసరమున కొంత నిర్బంధ మచ్చటను ఉండెను. కాని రోగి మనుష్యుడే యను తలంపు అచ్చట నెన్నడును తప్పలేదు.

ఆ గ్రంథము వెలువడిన పిమ్మట పాత ఉన్మత్తశాల యక్రమములు బయటపడెను. 1815లో పార్లమెంటు సంఘము విచారణ జరిపెను. ఒక వితంతువు మరణమునుండి దేశమున కంతటికి మేలు కలిగినది.

మన దేశమునందును ఇట్టి యుదాహరణము కలదు. 1950 తరువాతి దశాబ్దమున అమృతసరపు మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగరు రోగుల బంధువులను ఆవరణలో గుడారములు వేసికొని రోగితో నుండనిచ్చెను. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవా రాపద్ధతినే యనుసరించి, కుటుంబము తోడుండు చికిత్సను నడపిరి. దీనికి విపర్యయముగా, 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాట ఎర్వాడిలో పాకలో గొలుసులతో కట్టబడిన రోగులు నిప్పంటుకొని పరుగెత్తజాలక 28 మంది మడిసిరి. గొలుసు వేయుటను 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము నిషేధించినది. కాని యింటి వెనుక గదికి వేసిన గొళ్లెమును చట్టము వచ్చి తీయజాలదు.

ఇచ్చట మా తప్పొకటి చెప్పికొనవలసియున్నది. మా శిష్యులలో శబ్దమంజరిని తడబడక యప్పగించు బాలు డొకడు, యౌవనమున మనసు చెదరి యింట మూయబడెను. చెల్లెలి వివాహమునకు అడ్డగునని తండ్రి యెవరికిని చెప్పడయ్యె. మే మాఱేండ్లపాటు ఆ యింటి ముందునుండియే పాఠశాలకు పోయి వచ్చితిమి. ఒక్కనాడైనను తలుపు తట్టలేదు. ఉద్యోగవిరమణానంతరము పోయితిమి. అతడు మమ్ము గుర్తించి, “మాస్టారూ, కూర్చోండి” అని చాప పఱచెను. అంతకుమించి యేమియు జరుగలేదు. ఆ చాప మా హృదయమున నేటికిని పఱచియున్నది.

మనలో మనకే సంబంధము లగుటచేతనే ఈ మరుగు. సంబంధములను వెదకునపుడు, ఆ యింట నెవరికైన మతి చెడినదా యని గుసగుసలాడువారము మనమే. తలుపులు మూయించువారమును మనమే. అయినచో తెఱపింపగల శక్తియు మనకే కలదు. ఔషధము వైద్యునిది, దర్శనము బంధువులది. ఒకటి రెండవదానికి బదులు కానేరదు.

కావున మహాసభవారికిని, పోషకులకును మూడు మనవులు. ప్రతి శాఖయందును ఇద్దఱు స్త్రీలును ఇద్దఱు పురుషులును ఇట్టి యిండ్లకు, ఇంటివారి సమ్మతితో, నెలకొకమాఱు పోయి పలుకరించి రావలెను. చూచిన దేదియు వీథిలో చెప్పరాదు. వైద్యశాలకు పోవుటకు తోడును దారిబత్తెమును విద్యార్థి వేతనములతోపాటు నిధినుండి యీయవలెను. రాత్రివేళ దిక్కుతోచనివారికి ప్రభుత్వమువారు 2022లో స్థాపించిన టెలీ-మానస్ సంఖ్య 14416 కలదని యింటింట తెలుపవలెను.

మన సంచికలో దాతల పేళ్లు అచ్చగును, అది యుచితమే. కాని యెన్నడును పేరు అచ్చుకాని కులబంధువు ఒక్కడు, ఎవరో తనను చూడవచ్చిరని సంతసించినచో, ఈ మహాసభ సార్థకమైనట్లే యని మా విశ్వాసము.

శుభమస్తు.